నాలుగు వరసల రేడియేటర్

చెప్పులింకా తడిగానే ఉన్నాయి. కాలివేళ్ళ సందుల్లో ఎర్రమట్టి జిగురుగా అంటుకుంది, క్లచ్ తొక్కినప్పుడల్లా ఎడమకాలు చెప్పులో జారుతోంది, ఆగి తుడుచుకుందామంటే వెనక సీట్లో హారతికి నొప్పులు, దాని పక్కన కూర్చున్న సూర్యకళ చేతిగడియారం చూసి పన్నెండు నిమిషాలండి అంటోంది, నొప్పికీ నొప్పికీ మధ్య పన్నెండు నిమిషాలని. కూతురి నొప్పుల లెక్క నాకు చెబుతోంది గానీ నేను చేసేదేముంది, బండి నడపడమే. ముల్లు సగానికి చాలా కిందే ఉంది. ఇంజను ఎంత వేడెక్కిందో చూపించే ముల్లు అది, స్పీడు మీటరు పక్కన చిన్న అద్దం వెనక ఉంటుంది, బండి కొన్న కొత్తలో నేను దానికేసి చూసేవాణ్ణే కాదు, ఇప్పుడు రోడ్డుకంటే దాన్నే ఎక్కువ చూస్తున్నాను. కాలవగట్టు దిగి తారురోడ్డెక్కి కొవ్వూరు వైపు తిప్పాను. కొవ్వూరు దాటితే వంతెన, వంతెన దాటితే రాజమండ్రి, అక్కడ ఆసుపత్రి. మొత్తం గంట ప్రయాణం. అందులో వంతెన మీద గడిచేది పది నిమిషాలే, కానీ నాకు ఆ పది నిమిషాలు తప్ప మిగతావేవీ లెక్కలోకి రావడం లేదు.

పొద్దున్న చెంబు తెచ్చింది సూర్యకళే. ఆసుపత్రి సంచీ సర్దింది, ఫ్లాస్కులో పాలు పోసింది, దేవుడి దగ్గర దీపం పెట్టింది, ఇవన్నీ చేసి, కాలవరేవులో ముంచిన ఇత్తడి చెంబు తెచ్చి అమ్మాయి చేతికిచ్చింది. కొత్తనీరు వచ్చి వారమైందండి, బండికి ఇంకా పోయనేలేదు, అమ్మాయి చేత్తో పోయించండి, మంచిది అంది. చెంబులో నీళ్ళు ఇటుకపొడి కలిపినట్టున్నాయి. హారతి నిండు కడుపుతో ఒక చేత్తో నడుం పట్టుకుని ఇంకో చేత్తో చెంబు పట్టుకుని బండి ముందు నిలబడింది. అలా నిలబడ్డం నేను ఒకసారి చూశాను. నాలుగేళ్ళ కింద, ఇదే ఆషాఢంలో, ఇదే చెంబుతో. వంగొద్దమ్మా, ఇటివ్వు, నేను పోస్తాను అన్నాను. ఇచ్చింది. బానెట్ ఎత్తాను. ఎత్తిన బానెట్ వెనక మనిషి కనపడడు, అంబాసిడర్ బానెట్ అంటే తలుపంత ఉంటుంది. రేడియేటర్ మూత తీయలేదు. చెంబు వంచి నీళ్ళు మొత్తం నా కాళ్ళమీదే పోసుకున్నాను, చప్పుడు కాకుండా, నెమ్మదిగా. బానెట్ వేసి పోశాను అన్నాను. యాభై ఐదేళ్ళొచ్చాక పెళ్ళాం ముందూ కూతురు ముందూ దొంగలా నిలబడాల్సి వచ్చింది, చేతిలో ఖాళీ చెంబుతో. సూర్యకళ చెంబు తీసుకుని లోపలికి పోయింది. హారతి మాత్రం నేలకేసి చూస్తూ ఉండిపోయింది, సిమెంటు గచ్చు మీద బండి ముందునుంచి నా డోరు దాకా ఎర్రటి అడుగులు పడ్డాయి. ఏమనుకుందో తెలియదు. నొప్పి వచ్చిందేమో పళ్ళు బిగించి బండెక్కింది.

ఊడ్పులు మొదలయ్యాయి. రోడ్డుకి రెండువైపులా బురదలో ఆడవాళ్ళు వరసలుగా వంగి ఉన్నారు, నా చేలో రేపు నాటు, కూలీలకి చెప్పి ఉంచాను, ఇప్పుడు ఎవరు చూస్తారో, చూసుకుంటారులే. ఈ నీళ్ళు కాలవలోకి వచ్చిన రోజున మా నాన్న పండగ చేసేవాడు. డెబ్భై నాలుగులో బండి కొన్న ఏడాది నుంచీ అదే వరస. బండిని రేవు దాకా నడిపించి, కడిగించి, పసుపు కుంకుమ పెట్టించి, ఎర్రనీళ్ళు చెంబుతో రేడియేటర్‌లో పోయించేవాడు. మనం తాగేది గోదారి నీళ్ళు, మన చేలు తాగేది గోదారి నీళ్ళు, దీనికి వేరే నీళ్ళేంటిరా అనేవాడు. ఆ తర్వాత ఏడాది పొడుగునా నీళ్ళు తగ్గినప్పుడల్లా కాలవలో ముంచి పోయడమే, ఎక్కడ ఆగితే అక్కడ. మా వైపు అందరూ అంతే చేసేవాళ్ళు, బోరు నీళ్ళు ఉప్పు, ఉప్పు ఇనుముని తినేస్తుంది, తియ్యనీళ్ళు మంచివి, ఇదీ మా తెలివి. నీళ్ళు తియ్యగా ఉన్నాయా లేవా అని చూశాం గానీ నీళ్ళలో ఇంకేముందో చూడలేదు. హారతికి ఐదేళ్ళు రాగానే చెంబు దాని చేతికి వెళ్ళింది, పోసే చెయ్యి ఇంటి ఆడపిల్లది కావాలని మా నాన్న పట్టు. అందదు కదా, నేను ఎత్తి పట్టుకునేవాణ్ణి. దాని చేతికి సరిపడా చిన్న చెంబు తెప్పించాడు. పోసినన్ని పోసి మిగిలినవి నా నెత్తిమీద పోసి నవ్వేది. ఎంత సంతోషంగా ఉండేదో మాకు.

పదకొండు, అంది సూర్యకళ వెనకనుంచి. ముల్లు కదిలింది, సగానికి కొంచెం కింద ఆగింది. ఆగాల్సింది అక్కడే. బుల్లియ్య చెప్పాడు, సగం దగ్గర నిలబడుతుందండి, ఎండైనా వానైనా, లోడున్నా లేకపోయినా, సగం దాటితే వచ్చి నా చెంప వాయించండి అన్నాడు. బుల్లియ్య రాజమండ్రిలో రేడియేటర్లు బాగుచేస్తాడు, పొట్టిగా ఉంటాడు, మనిషి మాట్లాడేదాంట్లో సగం పని గురించి, సగం నా బండి ఎంత పాతదో గుర్తుచేయడం. ఏప్రిల్‌కి హారతికి మళ్ళీ ఆరోనెల. జంగారెడ్డిగూడెంలో అత్తవారు సుమో మాట్లాడి పెట్టామన్నారు, అల్లుడు సుధాకర్ ఏలూరులో డాక్టరుని చూశానన్నాడు. అందరూ ఎంత మర్యాదగా చెప్పారంటే, నా బండి పేరు ఒక్కరూ ఎత్తలేదు. హారతే ఎత్తింది. ఫోనులో, మధ్యలో వేరే మాటేదో మాట్లాడుతూ, నాన్నగారూ బండి బాగుచేయించండి, నేను అందులోనే వెళ్తాను, ఆ వంతెన ఆ బండిలోనే దాటాలండి నాకు అంది. ఎందుకమ్మా అని అడగలేకపోయాను. నాలుగేళ్ళుగా సావిట్లో ఇటుకల మీద నిలబెట్టి గోనెపట్టాలు కప్పిన బండి అది. నేను దాని పక్కనుంచి పొలానికి వెళ్ళేవాణ్ణి, మొహం పక్కకి తిప్పుకుని.

ఇంజను మా ఊళ్ళోనే బాగుచేయించి బండిని రాజమండ్రి తీసుకెళ్ళాను. పాత రేడియేటర్ బాగుచేయొద్దు బుల్లియ్యా, తీసేసి పెద్దది వెయ్యి అన్నాను. మూడు వరసలది ఉందండి, నాలుగు వరసలది వేద్దాం అన్నాడు. వరసలంటే లోపల నీళ్ళు పారే సన్నని గొట్టాల వరసలు, వేడినీళ్ళు పైనుంచి ఆ గొట్టాల్లో కిందికి దిగుతూ చల్లబడతాయి, ఒక వరస పెరిగితే ఆ మేరకు చల్లదనం పెరుగుతుంది. నాలుగు రెక్కల ఫ్యాను తీసి ఆరు రెక్కలది బిగిద్దాం, ఆకుపచ్చ కూలెంటు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పోద్దాం, ఇంక మీరు మూత తీయనక్కర్లేదు అన్నాడు. మొత్తం విని తలూపాను. ఆ తర్వాత పాత రేడియేటర్ విప్పి బెంచీ మీద పెట్టి, టంకం కరిగించి పై టాంకు ఊడదీశాడు. ఇలా రండి దొరబాబు గారూ అన్నాడు. గొట్టాల నోళ్ళు వరసగా కనపడాలి, కనపడలేదు. ఎర్రమట్టి. సగానికి పైగా గొట్టాలు కన్నం లేకుండా పూడిపోయాయి. సన్న ఊచ పెట్టి పొడిస్తే పెచ్చులుగా రాలింది, గట్టిగా, కాల్చిన ఇటుకలా. ఏం నీళ్ళు పోశారండీ బాబూ అన్నాడు. గోదారి నీళ్ళే అన్నాను. వరదనీళ్ళాండీ అన్నాడు. ఊఁ అన్నాను. అదేనండి మరి అన్నాడు. రోడ్డు మీద పోతున్నంతసేపూ గాలి తగుల్తుంది కాబట్టి నెట్టుకొచ్చిందండి, ఎక్కడైనా ఆగిపోయి ఇంజను నడుస్తూ ఉంటే మటుకు నిమిషాల్లో మరిగిపోయేది, ఎప్పుడూ మరగలేదా అన్నాడు. నేను కొట్టు బయటికి వచ్చి టీ తెమ్మన్నాను. తెచ్చిన టీ తాగలేదు.

ఒకసారి మరిగింది బుల్లియ్యా. తొంభై ఎనిమిది, జులై. తొలికాన్పు, పుట్టింటికి తీసుకొచ్చాం, నొప్పులొచ్చాయి, ఇదే రోడ్డు, ఇదే వంతెన. వంతెన మధ్యలో ఇసకలారీ ఇరుసు విరిగి అడ్డంగా పడింది. ముందు బళ్ళు, వెనక బళ్ళు. ఆపేద్దామా అంటే కదులుతుందేమో, కదులుతుందేమో అని ఇంజను నడుస్తూనే ఉంచాను. ముల్లు చివరికంటా పోయింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి, ఆ తర్వాత ఇంజను పట్టేసింది. ముందు లారీ తీశారు, అందరూ కదిలారు, మేం కదల్లేదు. ఎవరో అరటిగెలల వ్యాను వాళ్ళు గెలలు సర్ది అమ్మాయిని ఎక్కించుకున్నారు. డాక్టరమ్మ మంచిదే, కోపంగా కూడా అనలేదు, చేతులు కడుక్కుంటూ ఒక్క అరగంట ముందు తెచ్చుంటే బిడ్డని దక్కించేవాళ్ళం అంది. ఆడపిల్ల. నేను చూశాను, హారతి చూడలేదు. ఆ అరగంటని నేను నాలుగేళ్ళు ఎవరికి అంటగట్టాలా అని తిరిగాను. ఇసకలారీకి అంటగట్టాను, లారీ డ్రైవరుకి, వంతెనకి, ఫ్యాను బెల్టుకి, పైన రబ్బరు హోసు పగిలి ఉంది కాబట్టి కొన్నాళ్ళు హోసుకి. మా ఊళ్ళో మెకానిక్కు హోసే అన్నాడు. నమ్మాను. నమ్మడానికి ఎంత హాయిగా ఉంటుందో. బుల్లియ్య ఊచ పెట్టి పొడిచినప్పుడు ఆ హాయి పోయింది.

చాగల్లు దాటాం. చెరకు ఆడే రోజులు కావు కాబట్టి పంచదార ఫ్యాక్టరీ వాసన లేదు. హారతి మూలిగింది, సూర్యకళ అయిపోయింది తల్లీ, వచ్చేశాం అంటోంది, ఇంకా రాలేదు. అద్దంలో హారతి మొహం సగం కనపడుతోంది, కళ్ళు మూసుకుని ఉంది. నేను చెప్పాలి, చెప్పకూడదు. ఏప్రిల్ నుంచి ఇదే నాకు పని. మా నాన్న పోశాడు, పోయాడు, ఆయనకి చెప్పినా చెప్పకపోయినా ఒకటే. నేను పోశాను, అది నేను మోస్తాను. కానీ ఆ ఏడు, కాన్పుకి ఐదు రోజుల ముందు, సూర్యకళ వద్దంటున్నా వినకుండా, నేనే పోస్తానమ్మా ఏటా నేనే కదా అని చెంబు పట్టుకుని బండి ముందు నిలబడింది ఎవరు. ఐదేళ్ళ వయసునుంచి ఏటా పోసింది ఎవరు. మట్టి సంగతి చెబితే నా చేతులతో పాటు దాని చేతులు కూడా చూసుకుంటుంది. అందుకే చెప్పలేదు. సూర్యకళకి కూడా చెప్పలేదు, దాని నోట్లో నువ్వుగింజ నానదు. పాత రేడియేటర్‌ని ఇత్తడి కోసం కొట్టులోనే వదిలేస్తారు అందరూ, నేను గోతాంలో కట్టించి ఇంటికి తెచ్చుకుని సావిట్లో అటక మీద పడేశాను. తుక్కు ఇంటికెందుకండీ అని సూర్యకళ సాధించింది. ఎందుకో నాకే తెలియదు. అక్కడ వదిలేస్తే బుల్లియ్య కడిగేస్తాడు, కరిగిస్తాడు. అలా పోనివ్వబుద్ధి కాలేదు, అంతే.

కొవ్వూరు. సంతరోజు కాదు, బతికాం. వంతెన ఎక్కాను. కింద గోదారి ఒడ్డునుంచి ఒడ్డుకి ఎర్రగా, నురగతో, కొమ్మలు, తెట్టు, ఏదో పాక కప్పు కూడా కొట్టుకుపోతోంది. ఇంత మట్టి. భద్రాచలం అవతల ఎక్కడెక్కడి కొండలదో తెచ్చి మా చేలల్లో పోస్తే బంగారం, చెంబుతో తెచ్చి గొట్టంలో పోస్తే ఇటుక. నీళ్ళని తప్పు పట్టను. ఆ నీళ్ళు లేకపోతే మాకు అన్నమే లేదు. ఎనిమిది నిమిషాలండి, అంది సూర్యకళ, ఈసారి గొంతులో కంగారుంది. ముల్లు సగం దగ్గర. స్టీరింగు పక్కన గేరు రాడ్డు చెమటకి జారుతోంది. ముందు బస్సు, దానిముందు లారీలు. బస్సు వెనక ఎర్రలైట్లు వెలిగాయి. ఆగింది. నేనూ ఆగాను. దాని ముందువీ ఆగి ఉన్నాయి, ఎంత దూరమో తెలియదు. వంతెన మధ్యలో, ఆ చోటుకి పది గజాలు ఇటో అటో. ఆపితే మళ్ళీ స్టార్టవుతుందో లేదో, ఆపకపోతే మరుగుతుందో లేదో. ఆపలేదు. నాలుగేళ్ళ కింద కూడా ఆపలేదు. ముల్లు కదిలింది. సగం దాటింది, కొంచెం, ఒక వెంట్రుక మందం. బుల్లియ్య చెంప వాయించడం తర్వాత సంగతి, ముందు ఈ వంతెన దాటాలి. రోడ్డు కింద, వంతెన కింది అంతస్తులో పట్టాల మీద రైలు వచ్చింది, వంతెన అదిరింది, సీటు అదిరింది, అద్దం అదిరింది, ముల్లు కూడా అదిరి, అక్కడే నిలబడింది. ఆరు రెక్కల ఫ్యాను గాలి పీలుస్తున్న చప్పుడు రైలు వెళ్ళాక వినపడింది. ముల్లు వెనక్కి వచ్చింది. నెమ్మదిగా, సగానికి.

సూర్యకళ డోరు తీసుకుని దిగింది, ఎందుకు ఆగిందో కనుక్కుంటాను అని, బస్సు కండక్టరుని అడగడానికి ముందుకి వెళ్ళింది. చీర కొంగు గాలికి ఎగురుతోంది. హారతి ముందుకి జరిగి నా సీటు మీద చెయ్యి వేసింది. నొప్పి వెళ్ళినట్టుంది, గొంతు మామూలుగా ఉంది.

"చెప్పులు ఆరాయా నాన్నగారూ?"

నేను అద్దంలోకి చూడలేదు. ముల్లుకేసే చూశాను.

"మొన్న సావిట్లో అటకెక్కించాను పాలేరుని, ఊయల కిందికి దింపుదామని," అంది. "గోతాం కూడా దించాడండి. విప్పి చూశాను."

"బరువు మోయకూడదు కదమ్మా," అన్నాను.

"నేను మోయలేదు. చూశాను. అందులో నేను పోసింది ఎంత ఉంటుందండి?"

అదీ. నేను నాలుగు నెలలు దాచినదాన్ని, పొద్దున్న కాళ్ళమీద పోసుకుని దాచినదాన్ని, హారతి ముందే గోతాం విప్పి చూసేసి ఎదురుచూస్తోంది, నేను చెబుతానేమోనని. పొద్దున్న గచ్చు మీద ఎర్రటి అడుగులకేసి చూసిన చూపు అదే. నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, ఆడపిల్ల తండ్రి వంతెన మీద బళ్ళ మధ్య ఏడిస్తే బాగుండదని మింగాను.

"నీది చిన్న చెంబమ్మా," అన్నాను. "ఏడాదికొకటి. అది ఇరవై నాలుగేళ్ళ మట్టి. తాతగారిది, నాది. బిందెలతో పోశాం మేం."

"ఆ ఏడు పెద్దచెంబుతో పోశానండి. మీరు వద్దనలేదు."

"అనలేదు. తెలీదమ్మా. తెలిసుంటే అనేవాణ్ణి. ఆ అరగంట నాదే. ఇసకలారీది కాదు, నాది. నీది కాదు."

వెనక బండివాడు హారన్ కొట్టాడు, ఎందుకో, ముందు ఎవరూ కదల్లేదు. హారతి చెయ్యి సీటు మీదనుంచి నా భుజం మీదికి వచ్చింది. నొప్పి మళ్ళీ మొదలైనట్టుంది, వేళ్ళు బిగించింది, గోళ్ళు చొక్కాలోంచి దిగాయి, వదిలేదాకా నేను కదల్లేదు. వదిలాక, ఆయాసపడుతూనే అంది.

"మొత్తం మీరే ఉంచుకుంటే ఎలాగండి. చెరో పావుగంట."

నేను తలూపాను. తలూపడం అద్దంలో దానికి కనపడిందో లేదో. అంత మాట ఎక్కడ నేర్చుకుందో, నేను నేర్పలేదు, దాని తాత అసలే నేర్పలేదు. నాలుగేళ్ళు నేను ఒక్కణ్ణే మోస్తున్నాననుకున్నాను, అటువైపు అది కూడా పట్టుకుని ఉంది. సూర్యకళ పరుగులాంటి నడకతో వస్తోంది, చెయ్యి ఊపుతూ, కదులుతున్నాయండి, కదులుతున్నాయి అని దూరంనుంచే చెబుతోంది. ఎక్కి డోరు వేసుకుంది.

"ఏంటి, ఏం మాట్లాడుకుంటున్నారు?"

"ఏం లేదమ్మా," అంది హారతి వెనక్కి వాలుతూ. "ముల్లు ఎక్కడుందో చూస్తున్నాం."

"ఎక్కడుంది?"

"సగంలో," అన్నాను.

"పొద్దున్న కొత్తనీరు పోశాం కదా, అందుకే," అంది సూర్యకళ.

అద్దంలో హారతి నాకేసి చూసింది. బస్సు కదిలింది. క్లచ్ తొక్కి మొదటి గేరు వేశాను. మట్టి ఎప్పుడు ఆరిపోయిందో, కాలు జారలేదు.